హంటింగ్ బైనాక్యులర్ అంటే ఏంటి? కదిరి కొండలకు, చేలకు ఏది కొనాలి?

ఎపిసోడ్ పూర్తి పాఠం ఇది. మాట్లాడిన మాటల్ని చదవడానికి వీలుగా అక్కడక్కడా సర్దాను. లెక్కలు మాత్రం వీడియోలో చెప్పినవే.

ఈరోజు టాపిక్ బైనాక్యులర్స్. మన పెద్దవాళ్ళు దుర్భిణి అంటారు కదా, అదే.

"అన్నా, మంచి హంటింగ్ బైనాక్యులర్ ఏదో చెప్పు" అని నన్ను అడిగేవాళ్ళు మూడు రకాలు. శెనక్కాయ చేను దగ్గర రాత్రి కాపలా పడుకునే రైతు పిల్లలు ఒకరు. వీకెండ్‌లో కొండలెక్కే మా సాఫ్ట్‌వేర్ బ్యాచ్ ఇంకొకరు. పిట్టల మీద ఇంట్రెస్ట్ పెట్టుకున్న కాలేజీ పిల్లలు మూడో రకం. ముగ్గురూ ఆన్‌లైన్‌లో అదే మాట కొడుతున్నారు, ముగ్గురికీ అదే బొమ్మ కనిపిస్తోంది. నల్లటి పెద్ద డబ్బా, దాని మీద "180×100, నైట్ విజన్, హంటింగ్" అని రాసుంటుంది. రేటు చూస్తే రెండు వేల లోపే.

ఆ డబ్బా ఎందుకు కొనకూడదో, కొంటే ఏది కొనాలో, కొనేముందు షాపులో ఏం చూడాలో ఈరోజు తేల్చేద్దాం. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చినవాణ్ణి. స్పెక్ షీట్‌లో ఏ నంబర్‌కి పని ఉంది, ఏది ఊరికే అమ్మడానికి రాశారు అని విడదీయడం అలవాటైపోయింది. ఈ ఎపిసోడ్‌కి స్పాన్సర్ ఎవరూ లేరు, అది కూడా చెప్పేస్తున్నా.

ముందు "హంటింగ్" సంగతి

మన దేశంలో వేట నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 9వ సెక్షన్ దాన్ని నిషేధించింది. వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే అనుకోవద్దు. ఉచ్చు పెట్టడం, వల పన్నడం, ప్రాణంతో పట్టుకోవడం, గూట్లో గుడ్లు తీయడం, ఇవన్నీ ఆ చట్టం లెక్కలో వేటే. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూల్ జంతువు జోలికి పోతే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. తాతల కాలంలో కౌజులకు వల, కుందేళ్ళకు ఉచ్చు మన పల్లెల్లో మామూలే. ఇప్పుడు అది కేసు.

మరి డబ్బా మీద హంటింగ్ అని ఎందుకు రాస్తారు? వీటి పెద్ద మార్కెట్ యూరప్, అమెరికా. అక్కడ లైసెన్స్ తీసుకుని, సీజన్ ప్రకారం వేటకు పోవచ్చు. జింక అయినా, పంది అయినా బాగా బయట తిరిగేది తెల్లారే ముందు, పొద్దు గుంకాక. కాబట్టి వేటగాడు కంపెనీని అడిగేది మూడే విషయాలు. మసక వెలుతురులో కనబడాలి. వానకీ దుమ్ముకీ పాడవకూడదు. గంటలకొద్దీ మెడలో వేలాడినా భారం కాకూడదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో అడవి అంచున మన మంచె లాంటిదే ఒకటి కట్టుకుని, దాని మీద చీకటి పడేదాకా కూర్చుంటారు. వాళ్ళలో చాలామంది వాడేది 8×56. గమనించారా, ఎనిమిది రెట్లే. 180 కాదు.

మన చేతిలో తుపాకీ లేదు, ఉండకూడదు కూడా. కానీ మనకు కావాల్సిన చూపు మాత్రం అదే. పంది చేలో పడేది ఆ టైంకే. పిట్టలు బాగా తిరిగేది ఆ టైంకే. ఎలుగుబంటి కొండ దిగేది కూడా దాదాపు ఆ టైంకే. పొద దగ్గర నల్లగా ఉన్నది బండరాయా, బర్రె దూడా, ఎలుగా అనేది రెండొందల మీటర్ల దూరంలో ఉన్నప్పుడే తేలాలి. ఇరవై మీటర్ల దగ్గర తేలితే ఏం లాభం? బైనాక్యులర్ మంచిదా కాదా అనేది అక్కడ షోకు విషయం కాదు.

రెండు నంబర్లు, ఒక భాగహారం

ప్రతి బైనాక్యులర్ మీద రెండు నంబర్లుంటాయి. 8×42 అనుకోండి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుంది అని. 800 మీటర్ల దూరంలో ఉన్న చెట్టు 100 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో.

ఇప్పుడు రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. 42ని 8తో భాగిస్తే 5.25. దీన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. కంటి వైపు అద్దంలోంచి బయటికొచ్చే వెలుగు కట్ట వెడల్పు అది, 5.25 మి.మీ. అన్నమాట.

దీన్ని మీ కంటి పాపతో పోల్చి చూడాలి. మిట్ట మధ్యాహ్నం ఎండలో పాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. మసక చీకట్లో విచ్చుకుంటుంది. కుర్రవాళ్ళకు ఏడు దాకా పోతుంది, వయసు పైబడేకొద్దీ తగ్గి ఐదు దగ్గర ఆగిపోతుంది. బైనాక్యులర్ ఇచ్చే వెలుగు కట్ట మీ పాప కంటే సన్నగా ఉంటే చిత్రం చీకటిగా కనిపిస్తుంది.

లెక్క వేద్దాం:

- 8×42 అయితే 5.25 మి.మీ. సాయంత్రానికి సరిపోతుంది.
- 10×42 అయితే 4.2 మి.మీ. పొద్దు గుంకేదాకా బానే ఉంటుంది, తర్వాత కాస్త మసక.
- 10×25, జేబులో పట్టేది, 2.5 మి.మీ. పగటికి మాత్రమే.
- 20×50 అయితే 2.5 మి.మీ. ఇంత పెద్దగా ఉన్నా కథ అంతే.
- 8×56 అయితే 7 మి.మీ. చీకటికి రాజు, కానీ ఒక కిలో పైన బరువుండేవే ఎక్కువ.
- 180×100 అయితే 0.55 మి.మీ. గుండుసూది మొనంత.

కంటి పాప 5 మి.మీ. విచ్చుకుని ఉన్న సాయంత్రం వేళ 20×50లోంచి వచ్చేది, 8×42లోంచి వచ్చే వెలుగులో పావు వంతే. వెలుగు కట్ట వెడల్పు సగమైతే దాని వైశాల్యం పావు అవుతుంది కాబట్టి. ఇరవై రెట్లు పెద్దదైన చీకటిని చూస్తూ కూర్చోవాలి.

ఇంకో చిన్న టెస్ట్. ముందు అద్దం 100 మి.మీ. అని రాశారు కదా, అంటే పది సెంటీమీటర్లు. మన ఇంట్లో మంచినీళ్ళ స్టీలు గ్లాసు మూతి కంటే వెడల్పు. అలాంటి అద్దాలు రెండు పక్కపక్కన ఉండాలి. అరచేతిలో పట్టే డబ్బాలో అది ఎలా పడుతుందప్పా? స్కేలు తీసుకుని కొలవండి, అబద్ధం అక్కడే బయటపడుతుంది.

ఎక్కువ జూమ్ ఎందుకు వద్దు

వెలుతురు ఒక కారణం. ఇంకో మూడున్నాయి.

చెయ్యి వణుకు. ఎంత గట్టి మనిషికైనా చెయ్యి కొంచెం కదులుతుంది. ఎనిమిది రెట్లు చూపించే అద్దం ఆ వణుకునీ ఎనిమిది రెట్లు చేస్తుంది. పది దాకా చేత్తో పట్టుకోవచ్చు. పన్నెండు దాటితే ట్రైపాడ్ కావాలి. ట్రైపాడ్ మోసుకుని కొండెక్కి, అది సర్దేలోపు పిట్ట ఎగిరిపోతుంది.

కనిపించే మేర. మంచి 8×42 దాదాపు 8 డిగ్రీలు చూపిస్తుంది, అంటే కిలోమీటరు దూరంలో 140 మీటర్ల వెడల్పు. 10×42 చాలావరకు 6 నుంచి 6.5 డిగ్రీలు, 105 నుంచి 114 మీటర్లు. ఎగిరే పిట్టని పట్టుకోవాలంటే ఈ తేడా చాలా పెద్దది.

మూడోది మన సీమ సొంత సమస్య. ఎండ. వేసవిలో పొద్దున తొమ్మిది దాటితే నేల వేడెక్కి పైన గాలి అలలు అలలుగా కదులుతుంది. తారు రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనిపిస్తుందే, ఆ వేడిగాలి పనే. బైనాక్యులర్‌లో చూస్తే దూరపు వస్తువు ఉడుకుతున్నట్టు వణుకుతుంది. దీనికి అద్దం బాధ్యత లేదు. రెండు లక్షలు పెట్టి కొన్నా ఆ గాలి అలాగే ఉంటుంది, జూమ్ పెంచేకొద్దీ వణుకు పెద్దదవుతుంది. మధ్యాహ్నం ఏ బైనాక్యులర్ కొన్నా దూరం చూడలేరు. పొద్దునే పోండి.

అందుకే నా సలహా ఇది. ఒక్కటే కొనగలిగితే 8×42. ఎప్పుడూ బయలు చేలల్లో, కొండ మీద నుంచి దూరం చూసేవాళ్ళయితే, చెయ్యి నిలకడగా ఉంటే, 10×42. అనంతపురం, కర్నూలు వైపు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మందని చూడ్డానికి పది రెట్లు బాగుంటాయి. అదే తిమ్మమ్మ మర్రిమాను లాంటి చోటికి పోతే? దాదాపు ఐదు ఎకరాలు పరుచుకున్న చెట్టు అది, 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ కొమ్మల కింద పగలే నీడ చిక్కగా ఉంటుంది, పిట్ట దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ వెడల్పుగా, వెలుతురుగా చూపించే ఎనిమిది రెట్లే గెలుస్తుంది.

డబ్బులు ఎక్కడికి పోతాయి?

ఇప్పుడు అసలు డౌట్. రెండు వేలకీ 8×42 ఉంది, రెండు లక్షలకీ 8×42 ఉంది. తేడా ఏంటి?

శెనక్కాయలు కొనేటప్పుడు మనం కాయ సైజు చూసి రేటు కట్టం కదా. పగలగొట్టి గింజ చూస్తాం. దీనికీ అంతే, లోపల ఏముందో చూడాలి.

మొదటిది కోటింగ్. పూత లేని అద్దం మీద వెలుగు పడిన ప్రతిసారీ దాదాపు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. ఒక గొట్టంలో అలాంటి ఉపరితలాలు పది ఉన్నాయనుకోండి. 0.96ని పదిసార్లు గుణిస్తే 0.66. మూడో వంతు వెలుగు దారిలోనే పోయింది. మంచి పూత వేస్తే ఒక్కోచోట నష్టం అర శాతానికి దిగుతుంది, చివరికి 95 శాతం మిగులుతుంది. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా ఈ పూత కనిపెట్టాడు. డబ్బా మీద "కోటెడ్" అని ఉంటే ఏదో ఒక అద్దానికి ఒక పొర వేశారని అర్థం. మనకు కావాల్సిన మాట "ఫుల్లీ మల్టీ కోటెడ్". అన్ని అద్దాలకూ, అన్ని వైపులా, పొరల మీద పొరలు.

రెండోది ప్రిజం. ముందు అద్దం చిత్రాన్ని తలకిందులు చేస్తుంది, దాన్ని తిప్పి నిలబెట్టేది ప్రిజం. రెండు రకాలు. భుజాలు వెడల్పుగా, మెలిక తిరిగి కనిపించే పాతకాలం షేపు పోరో. గొట్టాలు నిటారుగా ఉండేది రూఫ్. రూఫ్ సన్నగా, తేలిగ్గా ఉంటుంది, నీళ్ళు దూరకుండా సీల్ చేయడం సులువు. కానీ అది బాగా పనిచేయాలంటే ఫేజ్ కోటింగ్, అద్దం పూత అని అదనపు పని పడుతుంది. చౌక రూఫ్‌లో ఆ పని ఎగ్గొడతారు. అందుకే పది వేల లోపు బడ్జెట్ అయితే అదే రేటుకి పోరోలోనే చిత్రం బాగుంటుంది. చూడ్డానికి తాతగారి వస్తువులా ఉంటుంది, ఫర్వాలేదు.

మూడోది ఈడీ గ్లాస్. తెల్ల కొంగ వెనక మెరిసే ఆకాశం ఉంటే, మామూలు అద్దంలో కొంగ అంచున ఊదా రంగు గీత కనిపిస్తుంది. ఈడీ గ్లాస్ దాన్ని బాగా తగ్గిస్తుంది. ఉంటే మంచిదే, లేకపోతే కొంపలేం మునగవు.

నాలుగోది సీలింగ్. లోపల నైట్రోజన్ నింపి రబ్బరు రింగులతో మూసేస్తే తేమ, దుమ్ము లోపలికి పోవు. కదిరిలో వాన ఎంత? కాబట్టి వాటర్‌ప్రూఫ్ ఎందుకు అనకండి. మనకు వాన కంటే దుమ్ము శత్రువు. సీల్ ఉన్నది ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

బడ్జెట్ ప్రకారం

రేట్లు మారుతుంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపే.

ఐదు వేల లోపు అయితే కొత్తవాటిలో వెతకడం కంటే ఆగి, డబ్బు కూడబెట్టండి. లేదా ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒకటి కొనండి.

పదీ పదిహేను వేల మధ్య అసలు ఆట మొదలవుతుంది. నికాన్ అక్యులాన్ 8×42 పోరో, చిత్రం బాగుంటుంది, కానీ వాటర్‌ప్రూఫ్ కాదు, కళ్ళజోడు వాళ్ళకు ఇబ్బంది. అదే కంపెనీ ప్రోస్టాఫ్ పీ3 8×42 రూఫ్, వాటర్‌ప్రూఫ్, కళ్ళజోడు వాళ్ళకు అనుకూలం. కదిరి నుంచి నన్ను అడిగేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఈ తరగతి చాలు.

ఇంకా పైకి పోతే మోనార్క్ ఎం7 లాంటి ఈడీ గ్లాస్ ఉన్నవి. ఆ పైన జైస్, లైకా, స్వరోవ్‌స్కీల టాప్ మోడల్స్, రెండు లక్షలు దాటతాయి. అవి అద్భుతమే. కానీ రెండు వేల డబ్బాకీ పన్నెండు వేల దానికీ ఉన్న తేడా, పన్నెండు వేల దానికీ రెండు లక్షల దానికీ లేదు.

షాపులో ఐదు నిమిషాల టెస్ట్

బెంగళూరు పోయినప్పుడు షాపులో చూడగలిగితే మంచిది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రిటర్న్ గడువు లోపల ఇంట్లోనే చేయండి.

1. చేయి చాచి పట్టుకుని, వెలుతురుగా ఉన్న గోడ వైపు తిప్పి, కంటి వైపు అద్దంలో చూడండి. గుండ్రటి తెల్ల చుక్క కనిపించాలి. చుక్క అంచులు కత్తిరించినట్టు చదరంగా, బూడిద రంగులో ఉంటే లోపల ప్రిజం చౌకది. మంచి ప్రిజం గాజు పేరు బాక్-4.
2. ముందు అద్దంలో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. ఆకుపచ్చగానో ఊదాగానో మసగ్గా ఉంటే పూత ఉంది. తెల్లగా మెరిస్తే లేదు. అద్దమంతా ఎర్రగా మెరిసేవాటిని అక్కడే పెట్టేయండి.
3. దూరంగా ఒక సైన్‌బోర్డు మీద ఫోకస్ చేయండి. మధ్యలో అక్షరాలు బ్లేడు పెట్టి కోసినట్టు ఉండాలి. అంచుల్లో కొంచెం మసక ఉన్నా ఓకే.
4. రెండు నిమిషాలు ఆపకుండా చూడండి. కళ్ళు లాగినట్టు, తల బరువెక్కినట్టు అనిపిస్తే రెండు గొట్టాలూ ఒకే దిక్కుకి చూడట్లేదు. సర్దుకుంటుందిలే అనుకోవద్దు, వదిలేయండి.
5. కళ్ళజోడు ఉంటే పెట్టుకునే చూడండి. ఐ రిలీఫ్ 15 మి.మీ. పైన ఉండాలి. లేకపోతే చిత్రం చుట్టూ నల్లటి రింగు వస్తుంది.

కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది, సగం మంది చేయరు. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో మధ్య చక్రం తిప్పి ఫోకస్ చేయండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం దగ్గర ఉండే రింగు తిప్పి అదే వస్తువుని స్పష్టం చేయండి. చాలా మోడల్స్‌లో ఆ రింగు కుడివైపే ఉంటుంది. మన రెండు కళ్ళకీ పవర్ ఒకటే ఉండదు కదా, దాన్ని సరిచేసేది అదే. ఒకసారి సెట్ చేస్తే చాలు.

ఇంకో మాట. బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి చూడకూడదు. పొద్దు గుంకేటప్పుడు కూడా. చూపు పోతుంది. పిల్లల చేతికిచ్చేముందు ఇది చెప్పండి.

ఎంత మంచిదైనా చేయలేనిది

"నైట్ విజన్" అని రాసిన చౌక డబ్బాలు చాలావరకు మామూలు అద్దాలే. పూర్తి చీకట్లో ఏ అద్దానికీ పట్టుకోవడానికి వెలుగే ఉండదు. చేను కాపలాకి అర్ధరాత్రి బైనాక్యులర్ మీద ఆధారపడొద్దు. సాయంత్రం, తెల్లవారుజాము వరకే దాని పని.

దీనికి మన పక్క జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది, కలివికోడి. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ డాక్టర్ దీన్ని కనుగొన్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, జాతే అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల వైపు ఒక స్థానికుడు రాత్రిపూట టార్చ్ వెలుగులో దాన్ని పట్టుకొచ్చాడు. ఎనభై ఏళ్ళు పైగా పండితులకు దొరకని పిట్ట, నేల తెలిసిన మనిషికి దొరికింది. కానీ పట్టుకున్న ఆ పిట్ట బతకలేదు. తర్వాత వచ్చిన పరిశోధకులు పట్టుకునే పద్ధతి వదిలేశారు. మెత్తటి మట్టి పరిచి కాలిముద్రలు చూశారు, పొదల మధ్య ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. రాత్రి తిరిగే పిట్టకి బైనాక్యులర్ కంటే అవే దారి.

పగలు తిరిగేవాటికి మాత్రం బైనాక్యులర్‌కి సాటి లేదు. లేపాక్షి దాటి చిలమత్తూరు వైపు వీరాపురం ఉంది. ఏటా కొంగలు వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి, ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. చాలామంది వాటిని సైబీరియా కొంగలు అంటారు. బైనాక్యులర్ పెట్టి చూడండి. పసుపు ముక్కు, నారింజ రంగు తల, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. అది పెయింటెడ్ స్టార్క్, మన దేశపు పిట్టే. పేరు నమ్మడం మానేసి కంటితో తేల్చుకోవచ్చు, అదీ గూడు దగ్గరికి పోకుండా, తల్లిని బెదరగొట్టకుండా.

మొత్తం కలిపి చెప్పాలంటే: 8×42, ఫుల్లీ మల్టీ కోటెడ్, బాక్-4 ప్రిజం, కళ్ళజోడు ఉంటే ఐ రిలీఫ్ 15 పైన, పది పదిహేను వేలు. ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రెండు వేల డబ్బా కొనాలని చూస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి, వాడి రెండు వేలు మిగులుతాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బైనాక్యులర్‌కి ఫోన్ తగిలించి ఫోటో తీయడం ఎలాగో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.